పాత ఎస్టీమ్: ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాలి, కింది నట్లు చేతికి అందట్లేదు

తాడేపల్లి_ఎస్టీమ్ | ఆదివారం రాత్రి 8:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 2003 మారుతి ఎస్టీమ్ కారు గురించి అడుగుతున్నాను. ఏపీ 7 బండి, ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కీ విడిగా ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే) ఇంజిన్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయన నడిపినన్నాళ్లూ ఏ గొడవా లేదు. నా చేతికి వచ్చాక గొడవలన్నీ నాకే మిగిలాయి.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతుంది. సైలెన్సర్ నుంచి ఒక నిమిషం తెల్లటి పొగ. తర్వాత మిస్సింగ్ పోతుంది గానీ ఐడ్లింగ్ నిలవదు. ఆర్‌పీఎం 800 నుంచి 1,500 దాకా ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఉయ్యాల ఊగినట్టే. రేడియేటర్‌లో వారానికి ఒక గ్లాసు నీళ్లు తగ్గుతున్నాయి, కింద మాత్రం చుక్క పడదు. డిప్‌స్టిక్ తీసి చూశాను, ఆయిల్ శుభ్రంగానే ఉంది, మజ్జిగ రంగేమీ లేదు.

ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకాయన హెడ్ ప్యాకింగ్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న సిలిండర్ హెడ్‌కీ మధ్య గాస్కెట్) పోయింది, ఇంజిన్ దించాలన్నాడు. రెండో ఆయన "ఇంత పాత బండికి ఖర్చెందుకండీ, తుక్కుకి ఇచ్చెయ్యండి" అన్నాడు. మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల ముద్ద) ప్యాకింగ్ పోయినా ఇలాగే ఉంటుందని ఎక్కడో చదివాను. నేనే విప్పుదామని బానెట్ ఎత్తితే, మానిఫోల్డ్ ఇంజిన్ వెనకాల ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) వైపు ఉంది. పై నట్లు కనిపిస్తున్నాయి, కిందవి వేళ్లకు కూడా తగలట్లేదు. నా దగ్గర ఒక సాకెట్ సెట్టు, రెండు ఆదివారాలు ఉన్నాయి. చేయగలనా?

గేర్_గోపి | ఆదివారం రాత్రి 8:32

తుక్కుకి ఇమ్మన్నాయన ఫోన్ నంబర్ మాత్రం దాచిపెట్టు బ్రో. ఆయనే కొందామని చూస్తున్నాడేమో.

తెల్లపొగ, నీళ్లు తగ్గడం అంటే హెడ్ ప్యాకింగే. నాకు డౌట్ లేదు.

మేస్త్రి_పేట | ఆదివారం రాత్రి 9:15

గోపీ, చెయ్యి పెట్టకుండా డౌట్ లేదనకూడదు నాయనా. ముప్పై ఏళ్లు షెడ్డులో ఉన్నాను, నాకే రోజుకో డౌట్ వచ్చేది.

బాబూ తాడేపల్లీ, విప్పడం సంగతి తర్వాత. ఈ ఇంజిన్‌లో థెర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వ్) కూర్చునేది మానిఫోల్డ్ మీదే. అంటే మానిఫోల్డ్‌లోంచి గాలీ వెళుతుంది, రేడియేటర్ నీళ్లూ వెళతాయి. రెంటికీ మధ్య అడ్డం ఆ ఒక్క ప్యాకింగే. అది తినేస్తే నీళ్లు పక్కనున్న గాలి దారిలోకి దిగి సిలిండర్‌లోకి పోతాయి. బయట చుక్క ఎలా కనిపిస్తుంది?

మూడు పనులు చెయ్యి. నాలుగు ప్లగ్గులూ తీసి వరస తప్పకుండా ఒక అట్టముక్కలో గుచ్చి ఫోటో పెట్టు. నీళ్లు తాగే సిలిండర్ ప్లగ్గు ఆవిరికి కడిగినట్టు తెల్లగా మెరుస్తుంది. ప్లగ్గులు బయట ఉండగానే కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో) చూడు. గేజ్ లేకపోతే ఎవరినైనా అడుగు, కొనకు. మూడోది, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు చల్లే సీసా ఉంటుందే, అది తీసుకో. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి, మానిఫోల్డ్ హెడ్‌కి కలిసే గీత వెంబడి కొద్దికొద్దిగా చల్లు. గాలి పీల్చే చోట నీళ్లు పడితే ఆ సందు క్షణంపాటు మూసుకుని ఐడ్లింగ్ మారుతుంది. కొందరు కార్బురేటర్ క్లీనర్ కొడతారు. వేడి ఇంజిన్ మీద మంట పుట్టించే సరుకు ఎందుకు, నీళ్లుండగా.

తాడేపల్లి_ఎస్టీమ్ | మంగళవారం రాత్రి 7:50

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. మూడు ప్లగ్గులు ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. నాలుగోది, గేర్‌బాక్స్ వైపుది, కొత్తదానిలా మెరుస్తోంది! కంప్రెషన్ వరసగా 175, 172, 175, 170 పీఎస్ఐ. నాలుగో సిలిండర్ దగ్గర నీళ్లు చల్లగానే ఊగడం ఆగి ఆర్‌పీఎం కిందికి దిగింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే.

మేస్త్రి_పేట | మంగళవారం రాత్రి 8:20

కంప్రెషన్ నాలుగింటికీ దాదాపు సమానం. హెడ్ ప్యాకింగ్ మీద నింద నూటికి నూరుపాళ్లు పోలేదు గానీ, నీళ్లు తాగేదీ గాలి పీల్చేదీ ఒకే చోట దొరికాయి చూడు. మానిఫోల్డ్ విప్పు. హెడ్ జోలికి పోకు.

గేర్_గోపి | మంగళవారం రాత్రి 8:24

సరే, నా డౌట్ నాకు వచ్చింది.

సెన్సార్_సుబ్బు | మంగళవారం రాత్రి 10:05

ఐడ్లింగ్ ఎందుకు ఊగుతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. ఈ బండిలో లోపలికెళ్లే గాలిని నేరుగా కొలిచే మీటర్ లేదు. మానిఫోల్డ్‌లో ప్రెషర్ ఎంతుందో మ్యాప్ సెన్సార్ చెబుతుంది, ఆర్‌పీఎం, గాలి వేడి చూసుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ లెక్క కడుతుంది. ప్యాకింగ్ సందులోంచి దొంగగాలి వస్తే ప్రెషర్ పెరుగుతుంది. ఈసీయూకి అది దొంగగాలని తెలియదు, దానికి తగ్గ పెట్రోల్ కూడా పోస్తుంది. ఆర్‌పీఎం ఎక్కుతుంది. ఐడిల్ వాల్వ్ మూసి చూస్తుంది, తగ్గదు. కాలు యాక్సిలరేటర్ మీద లేదు, ఆర్‌పీఎం మాత్రం ఎక్కువుంది, అంటే బండి వాలులో దిగుతోందనుకుని ఇంజెక్టర్లు ఆపేస్తుంది. ఆర్‌పీఎం పడిపోతుంది. ఆగిపోతుందేమోనని మళ్లీ పోస్తుంది. అదే మీ ఉయ్యాల.

గాలి మీటర్ ఉన్న బండ్లలో కథ వేరు. అక్కడ దొంగగాలి లెక్కలోకి రాదు, పెట్రోల్ చాలక ఇంజిన్ వణుకుతుంది. అందుకే ఒక బండి లక్షణాలు చదివి ఇంకో బండికి వైద్యం చేయకూడదు.

కార్బ్_కాలం | బుధవారం ఉదయం 6:30

1999, 2000లో యూరో నిబంధనలు వచ్చి కార్బురేటర్లు పోయాయి. మా పాత మారుతి 800లో అయితే ఒక స్క్రూ తిప్పితే ఐడ్లింగ్ కుదిరేది. ఇప్పుడు దొంగగాలి, మంచిగాలి అంటున్నారు.

సెన్సార్_సుబ్బు | బుధవారం ఉదయం 9:00

అన్నా, ఆ స్క్రూ వారం వారం తిప్పేవాడివి. అది కూడా చెప్పు.

తాడేపల్లి_ఎస్టీమ్ | బుధవారం రాత్రి 9:12

సరే, విప్పుతాను. ఏది ముందు, ఏది వెనక? ఇదే బండికి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

స్టీరింగ్_లత | బుధవారం రాత్రి 10:40

నేను చేశాను, మా 2005 ఎస్టీమ్‌కి, వైజాగ్‌లో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో. వాచ్‌మన్ స్టూల్ మీద కూర్చుని కామెంటరీ చెబుతుంటే. ఒక రోజు అనుకుంటే రెండు రోజులు పట్టింది. ఓపికగా చదవండి.

ముందు పెట్రోల్ ప్రెషర్. ఇంజిన్ ఆపినా ఫ్యూయల్ పైపులో దాదాపు మూడు బార్ల ప్రెషర్ నిలిచి ఉంటుంది. గొట్టం లాగితే కంట్లోకి చిమ్ముతుంది. ట్యాంక్ మూత తీసి పెట్టండి, ఫ్యూయల్ పంప్ రిలే పీకేయండి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. తర్వాత రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టండి. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇంత చేసినా గొట్టం తీసేటప్పుడు గుడ్డ చుట్టండి, కాస్త కారుతుంది.

ఇంజిన్ బాగా చల్లారాక రేడియేటర్ కింది నుంచి కూలెంట్ దించండి. వెడల్పు బేసిన్ పెట్టండి, కుక్కలు, పిల్లులు తాగకుండా చూసుకోండి, అది విషం.

ఇప్పుడు ఫోన్ తీయండి. గొట్టాలు ముట్టుకోకముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. గుర్తుంటుందిలే అనుకుంటారు, ఉండదు. ప్రతి గొట్టానికీ, అది వచ్చిన చోటికీ ఒకే నంబర్ రాసిన కాగితం టేప్ అంటించండి. ఎయిర్ ఫిల్టర్ గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్, థ్రాటిల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) వచ్చే నీళ్ల గొట్టాలు, బ్రేక్ బూస్టర్ (మానిఫోల్డ్ వాక్యూమ్‌తో బ్రేకుకి బలమిచ్చేది) లావు గొట్టం, పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరి లాగే వాల్వ్), క్యానిస్టర్ (పెట్రోల్ ఆవిరి పట్టే డబ్బా) గొట్టం, సెన్సార్ల ప్లగ్గులు, ఇంజెక్టర్ల ప్లగ్గులు. రబ్బరు గొట్టాన్ని లాగకండి, ముందు మెలితిప్పి వదులు చేయండి. ప్లాస్టిక్ క్లిప్పులు ఇరవై ఏళ్ల వేడికి అప్పడాల్లా అయి ఉంటాయి, ముట్టుకుంటే విరుగుతాయి.

థ్రాటిల్ బాడీ, ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే పైపు), ఇంజెక్టర్లు మానిఫోల్డ్‌కే ఉండనివ్వండి, అంతా ఒకే ముద్దగా బయటికి వస్తుంది. మానిఫోల్డ్ కింద ఒక ఊతం పట్టీ ఉంటుంది, దాన్ని కింది నుంచి తీయాలి. కింది నట్లకి 12 నంబర్ సాకెట్, ఒక పొడవు ఎక్స్‌టెన్షన్, యూనివర్సల్ జాయింట్ కావాలి. నేను కళ్లు మూసుకుని చేత్తో వెతికి తిప్పాను. నిజంగానే, కళ్లు మూసుకుంటే వేళ్లకి బాగా తెలుస్తుంది. ముందురోజు రాత్రే నట్లన్నిటికీ తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి.

మానిఫోల్డ్ బయటికి రాగానే హెడ్‌లో రంధ్రాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. శుభ్రమైన గుడ్డలు కుక్కండి. గుడ్డల మీద మార్కర్‌తో నంబర్లు వేయండి. నవ్వకండి, నేను నాలుగు కుక్కి మూడు తీసి, నాలుగోదాని కోసం అరగంట చెమటలు పట్టాను. అది వాచ్‌మన్ చేతిలో ఉంది, మొహం తుడుచుకుంటున్నాడు.

డాలస్_సివిక్ | బుధవారం రాత్రి 11:55

లత గారు చెప్పిన కింది పట్టీ దగ్గర చాలామంది మోసపోతారు. మాది 1998 సివిక్, దాంట్లోనూ మానిఫోల్డ్ ఫైర్‌వాల్ వైపే ఉంటుంది. నట్లన్నీ తీశాక మానిఫోల్డ్ కదల్లేదు. ప్యాకింగ్ అంటుకుందనుకుని పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాను. కింద పట్టీ బోల్టు ఇంకా ఉంది! అల్యూమినియం అంచు గీరుకుపోయింది. ఇక్కడ మెకానిక్‌కి గంటల లెక్కన డబ్బులివ్వాలని నేనే చేసుకుంటే, ఆ గీత నున్నగా చేయించడానికి మెషిన్ షాపుకి ఇచ్చాను.

కదలకపోతే బలం వాడకండి. ఏదో నట్టు మర్చిపోయారని అర్థం.

తాడేపల్లి_ఎస్టీమ్ | ఆదివారం మధ్యాహ్నం 1:20

పని మధ్యలో ఉన్నాను, టెన్షన్‌గా ఉంది. పై వరసలో ఒక నట్టు తిప్పితే నట్టుతో పాటు స్టడ్డు (తల లేని బోల్టు) కూడా హెడ్‌లోంచి ఊడి వచ్చేసింది. పాడు చేశానా?

మేస్త్రి_పేట | ఆదివారం మధ్యాహ్నం 1:31

లేదు బాబూ, భోంచేసి రా. హెడ్‌లో మరలు బాగున్నాయా చూడు. స్టడ్డు మరల్లో అల్యూమినియం తీగలా చుట్టుకుని వస్తే హెడ్ మర పోయినట్టు, అప్పుడు హెలికాయిల్ (పోయిన మర బదులు కూర్చునే ఉక్కు తీగ చుట్ట) వేయించాలి. శుభ్రంగా వస్తే భయం లేదు. నట్టును వైస్‌లో పట్టి విడదీసి, స్టడ్డు మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, పై నట్టుతో తిప్పి మళ్లీ హెడ్‌లోకి ఎక్కించు. నట్టు తుప్పు పట్టి ఉంటే కొత్తది వేసుకో.

తాడేపల్లి_ఎస్టీమ్ | ఆదివారం సాయంత్రం 6:05

మరలు శుభ్రంగా ఉన్నాయి. మానిఫోల్డ్ బయటికి వచ్చింది! డాలస్ గారూ, మీ మాట గుర్తుంది కాబట్టి పట్టీ బోల్టు ముందే తీశాను.

నీళ్ల దారికీ నాలుగో సిలిండర్ గాలి దారికీ మధ్య ప్యాకింగ్ పొడిపొడిగా రాలిపోయింది. అక్కడే మానిఫోల్డ్ అల్యూమినియం మీద చెదలు తిన్నట్టు చిన్న చిన్న గుంటలు. నీళ్ల దారంతా తెల్లటి పెచ్చు. నాన్నని అడిగితే, "కూలెంట్ ఎందుకురా, మన బోరు నీళ్లు పోసేవాణ్ణి, బంగారంలా ఉంటాయి" అన్నారు. మా వీధి బోరు నీళ్లతో పప్పే ఉడకదు.

మేస్త్రి_పేట | ఆదివారం సాయంత్రం 6:40

నాన్నగారిని ఏమీ అనకు. మేమూ షెడ్డులో బోరు నీళ్లే పోసేవాళ్లం, ఎవరు చెప్పారు మాకు. ఉప్పు నీళ్లకి అల్యూమినియం తుప్పు పడుతుంది, కూలెంట్‌లో దాన్ని ఆపే మందు ఉంటుంది. ఇక నుంచి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. లేదా కలిపి అమ్మేది కొనుక్కో.

గేర్_గోపి | ఆదివారం రాత్రి 7:02

గుంటలదేముంది బ్రో, సిలికాన్ పేస్టు దట్టంగా పూసి బిగించెయ్, అయిపోతుంది.

స్టీరింగ్_లత | ఆదివారం రాత్రి 7:20

వద్దండీ గోపి గారూ. దట్టంగా పూస్తే బిగించినప్పుడు లోపలివైపుకి పొంగుతుంది. ఆ ముక్క ఊడి నీళ్ల దారిలో పడితే థెర్మోస్టాట్‌కో రేడియేటర్‌కో అడ్డం పడుతుంది. గాలి దారిలో ఊడితే ఇంకా అన్యాయం.

తాడేపల్లి గారూ, ఇనుప స్కేలు నిలువుగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకుల సెట్టు) దూర్చి చూడండి. 0.10 మిల్లీమీటర్ రేకు దూరితే ఫేసింగ్ కొట్టించాల్సిందే (మెషిన్ మీద ముఖం చదును చేయించడం). గుంటలు ప్యాకింగ్ అంచు కూర్చునే చోట ఉంటే స్కేలు చూడక్కర్లేదు, ఎలాగూ లేత్ షాపుకే. మీకు విజయవాడ ఆటోనగర్ దగ్గరే కదా. ఫేసింగ్‌కి ఇచ్చేముందు ఇంజెక్టర్లు, సెన్సార్లు, థెర్మోస్టాట్ అన్నీ విప్పేయండి. తిరిగి వచ్చాక ప్రతి దారీ నీళ్లతో కడిగి గాలి కొట్టండి, లోపల లోహపు పొడి మిగలకూడదు.

హెడ్ వైపు పాత ప్యాకింగ్ ప్లాస్టిక్ గీకుడుతో తీయండి. గరుకు కాగితం, గ్రైండర్ బ్రష్ వద్దు. ఆ ఇసుక సిలిండర్‌లో పడితే ప్యాకింగ్ కోసం మొదలుపెట్టిన పని పిస్టన్ రింగుల దాకా పోతుంది.

తాడేపల్లి_ఎస్టీమ్ | శుక్రవారం రాత్రి 9:30

ఫేసింగ్ అయింది, అద్దంలా వచ్చింది. ప్యాకింగ్, ఇంజెక్టర్ ఓ రింగులు, థెర్మోస్టాట్ కొత్తవి తెచ్చాను. నట్లు ఎంత బిగించాలి?

మేస్త్రి_పేట | శుక్రవారం రాత్రి 9:48

మధ్య నుంచి మొదలుపెట్టి రెండు చివరలకీ, అటొకటి ఇటొకటి. ముందు చేత్తో, తర్వాత సగం, తర్వాత పూర్తిగా, మూడు విడతల్లో. టార్క్ రెంచ్ ఉంటే 23 న్యూటన్ మీటర్లు. నా రోజుల్లో మణికట్టే టార్క్ రెంచ్, కానీ నువ్వు అద్దెకైనా తెచ్చుకో. ఓ రింగులకి గ్రీజు కాదు, చుక్క పెట్రోల్ తడిపి ఎక్కించు, మెలిపడకుండా కూర్చుంటాయి. ఇంజెక్టర్ చేత్తో తిప్పితే హాయిగా తిరగాలి.

తాడేపల్లి_ఎస్టీమ్ | ఆదివారం మధ్యాహ్నం 3:15

అన్నీ బిగించాను. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. తెల్లపొగ లేదు, మిస్సింగ్ లేదు. కానీ ఆర్‌పీఎం 2,200 దగ్గర అరుస్తోంది, దిగట్లేదు. మళ్లీ అంతా విప్పాలంటే నావల్ల కాదు.

సెన్సార్_సుబ్బు | ఆదివారం మధ్యాహ్నం 3:22

ఏమీ విప్పకండి. యాక్సిలరేటర్ కేబుల్‌లో కొంచెం వదులు ఉందా? ఉంటే ఎయిర్ గొట్టం తీసి థ్రాటిల్ బాడీ నోటికి ఒక గట్టి అట్టముక్క అడ్డం పెట్టండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకపోతే గాలి ఇంకో దారిలో వస్తున్నట్టు. అప్పుడు బ్రేక్ పెడల్ తొక్కి చూసి చెప్పండి.

తాడేపల్లి_ఎస్టీమ్ | ఆదివారం మధ్యాహ్నం 3:40

కేబుల్ వదులుగానే ఉంది. అట్ట పెట్టినా ఆగలేదు. బ్రేక్ పెడల్ రాయిలా ఉంది!

సెన్సార్_సుబ్బు | ఆదివారం మధ్యాహ్నం 3:43

దొరికింది. బ్రేక్ బూస్టర్ గొట్టం. మానిఫోల్డ్ దగ్గర చివర అడుగువైపు వేలు పెట్టి తడమండి. బండి మాత్రం గేటు దాటించకండి.

తాడేపల్లి_ఎస్టీమ్ | ఆదివారం సాయంత్రం 4:10

అవును. అడుగువైపు నిలువునా చీలి ఉంది. తీసేటప్పుడు మెలితిప్పకుండా లాగింది దీన్నే. ఇంట్లో గ్యాస్ స్టవ్ పైపు ముక్క ఉంది, ఈ పూటకి అది వేయొచ్చా?

స్టీరింగ్_లత | ఆదివారం సాయంత్రం 4:14

వద్దు!

మేస్త్రి_పేట | ఆదివారం సాయంత్రం 4:20

లత అమ్మాయి చెప్పిందే ఖాయం. వాక్యూమ్‌కి చేసిన గొట్టమే వేయాలి, మిగతావి వేడెక్కితే లోపలికి చప్పబడి మూసుకుపోతాయి, బ్రేకు ఉండదు. మధ్యలో ఒకవైపే గాలి పోనిచ్చే వాల్వ్ ఉంటుంది, దాని మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు చూడాలి. రేపు షాపులు తెరిచాక పాత గొట్టం పట్టుకెళ్లి అదే తెచ్చుకో.

తాడేపల్లి_ఎస్టీమ్ | సోమవారం రాత్రి 8:55

గొట్టం వేశాను. ఐడ్లింగ్ 850 దగ్గర కదలకుండా నిలబడింది. రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్లు వేడిలో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా నడిపి గాలి బుడగలు పోగొట్టాను. చల్లారాక అరగ్లాసు కూలెంట్ పట్టింది, మూత పెట్టాను. మొదటి పది నిమిషాలు ఐడ్లింగ్ కాస్త తడబడింది. బ్యాటరీ తీశాను కదా, ఈసీయూ మళ్లీ నేర్చుకుంటోందనుకున్నాను, సర్దుకుంది.

నాన్నని ఎక్కించుకుని ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లొచ్చాం. అయిదు లీటర్ల కూలెంట్ డబ్బా డిక్కీలో పెడుతుంటే చూసి, "దీనికెంత అయింది?" అన్నారు. సగమే చెప్పాను.

గేర్_గోపి | సోమవారం రాత్రి 9:01

సూపర్ బ్రో. మా బాబాయ్ మారుతి జెన్ కూడా పొద్దున్నే తెల్లపొగ వేస్తోంది. మేస్త్రి గారూ, ప్లగ్గులు తీసి ఫోటో పెట్టమంటారా?

మేస్త్రి_పేట | సోమవారం రాత్రి 9:10

పెట్టు. వరస మాత్రం తప్పకు.